ఇసుకలో దొరకిన కవిలెకట్ట

నా చిన్ననాట మా తాతగారి యింటి అటుకమీద తాటాకు కవిలెలును, పాతగుడ్డలలో మూటగట్టిన కాగితపు దస్త్రములును ఉండెడివి. ఆయన మా గ్రామమునకు కరణము. ఎవరి చేను ఎంత, ఏ తూము క్రింద ఎవరి వంతు ముందు, ఏ యేట ఎంత శిస్తు బకాయిపడెను, ఎవరి యెద్దు ఎవరి చేలో పడి బందెలదొడ్డికి పోయెను, ఇవన్నియు వానియందుండెడివి. 1984 లో ఆ యుద్యోగములు రద్దయిన పిమ్మట వానిని అడుగువారు లేకపోయిరి. కప్పు కారి తడిసి, చెదలు పట్టి, తుదకొకనాడు మావారే పెరటిలో ప్రోగువైచి నిప్పంటించిరి. నేనును ఎండుటాకులు తెచ్చినట్లు చేతులనిండ తెచ్చి మంటలో వైచితిని. అందు ఏమి కాలిపోయెనో నాకు చాల యేండ్లకు గాని తెలియలేదు.

ఆ సంగతి నాకు బోధపఱచినది ఏ గురువును కాదు. మనకు ఉత్తరముగా 2,000 కిలోమీటర్లకు పైబడిన దూరమున, హిమాలయములకును టిబెట్టు పీఠభూమికిని ఆవల, ఒక యెడారి యిసుకలో దొరకిన కవిలెకట్ట నాకు దానిని నేర్పినది. ఆ కవిలెలను వ్రాయించిన రాజ్యమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. దాని పేరు క్రొరైన. చీనావారు దానిని మొదట లౌలాన్ అనియు, పిదప షాన్‌షాన్ అనియు వ్రాసిరి.

మొదట ఆ నేల ఎట్టిదో చెప్పవలెను. నేటి చీనాదేశపు పడమటి కొసను షిన్‌జియాంగు అను సీమ కలదు. దానికి దక్షిణమున కున్లున్ పర్వతములు, ఉత్తరమున తియన్‌షాన్ పర్వతములు, ఈ రెంటి నడుమ తక్లమకాను ఎడారి. ఎడారి వైశాల్యము 3,00,000 చదరపు కిలోమీటర్లకు మించును. అచ్చట వానను నమ్మి విత్తనము చల్లువాడు లేడు. వేసవిలో కొండలమీది మంచు కరగి యేఱులై దిగివచ్చును. ఆ యేఱులు కొంతదూరము పాఱి యిసుకలో ఇంకిపోవును. ఇంకిపోవులోపల కాలువలు త్రవ్వి నీటిని మళ్లించుకొన్నచోట ఒక యూరు వెలయును. కాలువ ఎంతవఱకో ఊరును అంతవఱకే. ఆవల మఱల కొన్నిదినముల ప్రయాణము ఇసుకయే. ఇట్టి నీటిపట్టునే ఒయాసిస్సు అందురు. మన రాయలసీమ పల్లెకు చెఱువు ఎట్టిదో వారికి ఆ యేఱు అట్టిది. అయితే మనకు చెఱువు ఆయకట్టు దాటిన పిదప మెట్టచేనైనను మిగులును; వారికి కాలువ దాటిన పిదప మిగులునది ఏమియు లేదు.

ఇట్టి నీటిపట్టులు కొన్ని, దక్షిణపు కొండల అంచున దండలో పూసలవలె గ్రుచ్చినట్లున్నవి. తూర్పున లోప్‌నార్ అను సరస్సు ప్రక్కనున్న క్రొరైన నగరము రాజధాని. పడమట చల్మదన, సచ, చడోత మొదలగు ఊళ్లు. చడోత దాటినచో ఖోతాను రాజ్యము. ఈ కొసనుండి ఆ కొసకు 600 కిలోమీటర్లకు పైమాటయే. చీనానుండి పట్టుబట్టలు పడమటి దేశములకు పోవు బాట ఈ ఊళ్లమీదుగానే పోయెడిది. వర్తకుడు వచ్చినను, రాయబారి వచ్చినను, భిక్షువు వచ్చినను ఇచ్చట నీరు త్రాగి, ఒంటెలను మార్చుకొని పోవలసినదే.

బాటమీద నుండుట లాభమును తెచ్చును, ఆపదనును తెచ్చును. ఈ చిన్నదేశము పేరు చరిత్రలో మొదట వినవచ్చునది క్రీ.పూ. 176 లో. ఉత్తరపు మైదానముల షియుంగ్‌నులు, గుఱ్ఱములపైనే బ్రదుకు గడపు గొప్ప జాతివారు, తాము లౌలానును జయించితిమని చీనా చక్రవర్తికి లేఖ వ్రాసిరి. చీనావారి ప్రాచీన చరిత్రగ్రంథము ఈ రాజ్యపు జనసంఖ్యను కూడ చెప్పుచున్నది: ఇండ్లు 1,570, జనులు 14,100, ఆయుధము పట్టగలవారు 2,912. నేడు మన మండలములలో ఇంతకంటె పెద్ద గ్రామములు కలవు. నేల ఉప్పునేల యగుటచేత ధాన్యమునకు పొరుగువారిమీద ఆధారపడెడివారనియు అందే కలదు.

క్రీ.పూ. 108 లో చీనా సేనాని ఒకడు వచ్చి లౌలాను రాజును పట్టుకొనెను. రాజు లొంగెను. వెంటనే షియుంగ్‌నులు వచ్చిపడిరి. అపుడు రాజు తన కుమారులలో నొకనిని చీనాకును, ఒకనిని షియుంగ్‌నులకును పూటగా పంపెను. ఇదేమి ద్రోహమని చీనా చక్రవర్తి అడిగింపగా, రెండు పెద్దరాజ్యముల నడుమ నున్న చిన్నరాజ్యము ఇరువురకును ఊడిగము చేయక బ్రదుకజాలదనియు, కాదేని తన ప్రజలతో గూడ చీనాలోనికి వచ్చి కాపురముండుటకు చోటిమ్మనియు ఆ రాజు బదులుచెప్పెను. చక్రవర్తి ఆ మాటలో నిజమున్నదని ఒప్పుకొని యాతనిని విడిచిపెట్టెను. కాని తరువాతి రాజులలో నొకనికి అంతటి మన్నన దొరకలేదు. క్రీ.పూ. 77 లో ఒక చీనా దూత బంగారమును పట్టుబట్టలును కానుకగా తెచ్చినట్లు నటించి, విందులో రాజును రహస్యము చెప్పెదనని గుడారములోనికి పిలిచి, వెనుకనుండి పొడిపించెను. చీనాలోనున్న రాజసోదరుని సింహాసనమెక్కించి, దేశమునకు షాన్‌షాన్ అని క్రొత్తపేరు పెట్టిరి. పెద్దల పగలలో చిన్నవారి గతి ఇట్టిది. ఈ రాజుల కథ ఇంతతో చాలింతును. ఏలయన, వీరి కథ పొరుగువారు చెప్పినది. ఆ ప్రజలు తమ్ము గూర్చి తామే చెప్పుకొన్నది వేఱు కలదు, నాకు ముఖ్యమైనది అది.

అది బయటపడిన తీరు వినుడు. 1900 మార్చి నెలలో స్వెన్ హెడిన్ అను స్వీడను దేశపు యాత్రికుడు లోప్‌నార్ ప్రాంతమున పోవుచుండగా, నీటికై త్రవ్వవలసివచ్చి చూచుకొనునప్పటికి పాఱ వెనుకటి మజిలీలో మఱచి వచ్చిరని తెలిసెను. ఆర్డెక్ అను పరిచారకుడు పాఱకై వెనుదిరిగి గాలిదుమారములో దారి తప్పి, చెక్కడపు పనిగల కొయ్యలు పడియున్న పాడిండ్లను చూచెను. అదియే లౌలాను నగరము. హెడిన్ మఱుసటి యేడు తిరిగివచ్చి దానిని త్రవ్వించెను.

చడోత బయటపడిన తీరు మఱింత విచిత్రము. హంగేరీలో పుట్టి ఇంగ్లీషు కొలువులో నుండిన ఆరెల్ స్టెయిన్ అను పండితుడు 1901 జనవరిలో నియా అను ఊరికి వచ్చెను. ఇబ్రహీము అను పల్లెవాడు అంతకు ముందటియేడు నిక్షేపములకై ఎడారిలో పాడిండ్లు త్రవ్వి, అక్కరములున్న కొయ్యపలకలను కొన్నిటిని తెచ్చెను. బంగారము కాదుగదా యని కొన్నిటిని దారిలో పాఱవైచెను, కొన్నిటిని పిల్లలకు ఆడుకొన నిచ్చెను. పాఱవైచిన వానిలో ఒకటిరెండు మఱియొకని చేతబడి స్టెయిన్ కంటబడెను. పిల్లల చేతికి పోయినవి పోయినట్లే. ఈ ఘట్టము చదివిననాడు నాకు మా పెరటి మంట జ్ఞప్తికి వచ్చెను. స్టెయిన్ ఇబ్రహీమును దారిచూపుమని, నియా ఊరికి ఉత్తరముగా నూఱు కిలోమీటర్ల దూరమున ఇసుకలో కూరుకొన్న ఆ పాడూరు చేరెను.

అచ్చట మేడలు లేవు, కోటలు లేవు. కొయ్యస్తంభములతో కట్టి మట్టి మెత్తిన యిండ్లు. వాని చుట్టు ఎండి మోడువాఱిన మల్బరీచెట్లు, ఆప్రికాటుచెట్లు వరుసలు తప్పక నిలచియున్నవి. ద్రాక్షపందిళ్ల గుంజలు కూడ నున్నవి. ఇండ్లలో చెక్కడపు కుర్చీ, తీగెలు తెగిన వాద్యము, చేతికఱ్ఱ, ఎలుకలబోను, చెప్పులు కుట్టువాని అచ్చుకొయ్య దొరకినవి. ఇవన్నిటితోబాటు ఆ కొయ్యపలకలు.

ఆ పలకల మీది లిపి ఖరోష్ఠి. కుడినుండి యెడమకు వ్రాయబడునది, పెషావరు, తక్షశిల ప్రాంతములలో ఒకప్పుడు వాడుకలో నుండినది. భాష గాంధారదేశపు ప్రాకృతము. శ్రోతలారా, ఇచ్చట ఒక క్షణమాగి ఆలోచింపుడు. ఆ రాజ్యప్రజల యింటిభాష వేఱు. వారి పేళ్లే అందుకు సాక్ష్యము. ల్యిపేయ, తంజక, అంగోక మొదలగు పేళ్లు మన దేశపువి కావు. అయినను వారి రాజశాసనములు, శిస్తు లెక్కలు, అప్పుపత్రములు, పొలము క్రయపత్రములు అన్నియు భారతీయభాషలోనే వ్రాసికొనిరి. సంవత్సర, మాస, దివస అనియే వారును కాలము చెప్పిరి. లేఖ వారికిని లేఖయే, సాక్షి వారికిని ఇంచుమించుగా సాక్షియే. కుషానుల కాలమున గాంధారమునుండి వచ్చిన వర్తకులును, భిక్షువులును, వ్రాయసగాండ్రును ఈ భాషను లిపిని అచ్చటికి తెచ్చిరని పండితులు తలతురు.

ఈ పలకల కాలము క్రీ.శ. మూడవ శతాబ్ది నడుమనుండి నాలుగవ శతాబ్ది ఆరంభమువఱకు. పేపియ, తజక, అంగోక, మహిరి, వస్మన అను అయిదుగురు రాజుల పేళ్లు వానిలో వరుసగా గనబడును. 1920 మొదలు 1929 వఱకు 764 లేఖలను బోయర్, రాప్సన్, సెనార్ అను మువ్వురు పండితులు అచ్చువేసిరి. 1940 లో థామస్ బర్రో వానిలో అర్థమైనవానిని ఇంగ్లీషులోనికి దించెను. 1961 లో ఎమెనోతో గూడి ద్రావిడభాషల వ్యుత్పత్తి నిఘంటువును ప్రకటించి, మన తెలుగుమాటల పుట్టుపూర్వోత్తరములను అందెక్కించిన బర్రోయే ఈయన.

రాజు తాకీదును కీలముద్ర యనిరి. రెండు కొయ్యపలకలను ఒకవైపు కొస దేలి మేకువలె నుండునట్లు చెక్కి, లోపలివైపు వ్రాసి, ఒకదానిపై నొకటి మూతవలె పెట్టి, దారము చుట్టి, పైపలకలో త్రవ్విన గుంటలో బంకమన్ను నింపి దానిపై ముద్ర వేసెడివారు. పైన చిరునామా. దారము త్రెంపక, ముద్ర చెఱుపక లోపలిమాట చదువ వీలులేదు. కొన్ని ముద్రలపై గ్రీకు దేవత అథీనా రూపమున్నది. చీనా అక్షరముల ముద్రలును కలవు. ప్రాకృతపు మాట, గ్రీకు బొమ్మ, చీనా ముద్ర ఒక చిన్న పల్లె అధికారి బల్లమీద కలిసికొనుచుండెను.

ఇక వానిలోని సంగతులు. ఊరి అధికారికి చోజ్బో అని పేరు. చడోతలో తంజకుడను చోజ్బో చాలకాలము పనిచేసెను. రాజు అతనికి పంపిన తాకీదులన్నియు ఇంచుమించు ఒకే మూసలో నుండును: ఫలానివాడు మాకు ఇట్లు మొఱపెట్టుకొనెను, ఈ ముద్ర నీకు చేరగనే నీవే స్వయముగా విచారించి ధర్మప్రకారము తీర్పుచేయుము, నీకు తేలనిచో వారిని మా సముఖమునకు పంపుము. ల్యిపేయుడను వానికి రెండావులుండెడివి. సచ ఊరి సైనికులు వానిని తోలుకొనిపోయిరి. ఒకదానిని తిరిగి పంపిరి, రెండవదానిని తినివైచిరి. ఆ యొక్క ఆవుకై రాజు తాకీదు పంపెను. 1,700 యేండ్లు గడచెను. ఆ రాజు చేసిన యుద్ధములు మనకు తెలియవు, ఆ యావు సంగతి మాత్రము తెలిసినది. ఆ ల్యిపేయునికే మఱియొక కష్టము కూడ వచ్చెను. ఊరివారు ముగ్గురు స్త్రీలను చేతబడి చేయుదురని పట్టుకొని, ఇద్దఱిని విడిచి, అతనికి చెందిన యామెను మాత్రము చంపిరి. విచారించి, తప్పు తేలినచో ఆమెకు తగిన పరిహారమిప్పింపుమని రాజు వ్రాసెను. మన జిల్లాలలోను బాణామతి, చేతబడి యని మనుష్యులను చంపిన వార్తలు నేటికిని పత్రికలలో చదువుచున్నాము గనుక, ఈ లేఖను చదివినపుడు ఆ జనులను అనాగరికులని నవ్వుటకు నాకు నోరు రాలేదు.

బిడ్డను పెంపుడిచ్చినపుడు పాలఖరీదు అని యొకటి ఉండెడిది. పెంచుకొన్నవారు కన్నవారికి గుఱ్ఱమునో ఒంటెనో ఇయ్యవలెను. ఇయ్యకున్న వ్యాజ్యము. స్త్రీలకు ఆస్తిహక్కు ఉండెను. వారు పొలములు కొనిరి, అమ్మిరి. శిస్తును ధాన్యము, నెయ్యి, కంబళ్లు, గొఱ్ఱెలు, ద్రాక్షసారాయము రూపమున కట్టెడివారు. బకాయిలు మాత్రము తెగెడివి కావు. వెనుకటి యేటి సారాయపు బకాయి ఇంకను రాలేదేమని పైనుండి అడుగుచునే యుందురు. రాచయొంటెలను కాయువారికి కూలియు, తిండియు, బట్టయు ఇయ్యవలెనని కట్టడి. ఖోతానుకు రాయబారము పోవువానికి ఊరూర కావలివారిని ఇయ్యవలెను. సచవఱకు చల్మదనవారు, ఆ పైన నినవఱకు సచవారు, అచ్చటినుండి ఖోతానువఱకు చడోతవారు తోడుపోవలెనని ఒక తాకీదు. నీటికాలువ వంతులవలె బాటకును వంతులుండెను.

పట్టుబాటమీది రాజ్యమనగా సంతలు, సంపదలు కన్నులకు కట్టును. కాని ఒక లేఖలో ఏమున్నదో చూడుడు. ఒకనికి పట్టుబట్టల బాకీ రావలసియున్నది. రాజు ఆజ్ఞ: ఇప్పుడు చీనావర్తకులెవ్వరును లేరు గనుక ఆ బాకీ విచారణ నిలుపుడు, వర్తకులు వచ్చిన పిదప వారియెదుట విచారింపుడు. బాట తెగిన యేండ్లు కూడ నుండెనన్నమాట. కొండలలోనుండి సుపియులను దొంగలమూకలు వచ్చిపడెడివి. ఖోతానువారును ఒకప్పుడు దేశమును దోచిరి. ఆ దోపిడికి ముందు జరిగిన ఇచ్చిపుచ్చుకొనుటలపై వ్యాజ్యము చెల్లదని కట్టడి చేసికొనిరి. అట్లు చేయకున్న ఊరిలో ఒకనినొకడు బ్రదుకనీయరు. నాకు ఈ కట్టడి చేసినవాడెవడో పల్లెను బాగుగ నెఱిగినవాడని తోచును.

బౌద్ధమును గూర్చి. చీనా భిక్షువు ఫాహియాను క్రీ.శ. 399 లో బయలుదేరి, తున్‌హువాంగునుండి 17 దినములు ఎడారి నడచి ఈ రాజ్యము చేరెను. ఆ దారికి గుఱుతు చచ్చినవారి యెముకలే అని యాతడు వ్రాసికొనెను. ఇచ్చటి రాజు ధర్మమునందు భక్తి గలవాడనియు, భిక్షువులు 4,000 కు పైగా నున్నారనియు, అందఱును హీనయానులనియు, భారతదేశపు గ్రంథములను భారతభాషలో చదువుదురనియు చెప్పెను. అంతమాత్రమే చదివినచో మనకు కాషాయములు, ధ్యానములు మాత్రమే తలపునకు వచ్చును. కవిలెకట్ట వేఱుమాట చెప్పును. భిక్షువులకు పొలములు, దాసులు, కొందఱికి భార్యాబిడ్డలు కూడ నుండిరి. భిక్షువు కూతురి పెండ్లి వ్యవహారము న్యాయస్థానమునకు వచ్చెను. రాజధానిలోని సంఘము చడోత సంఘమునకు ఒక కట్టడి వ్రాసి పంపెను. చిన్నభిక్షువులు పెద్దలమాట వినుటలేదని దానికి కారణము! శీలప్రభుడు, పుణ్యసేనుడు అను ఇరువురు పెద్దలు విహారమునకు పెత్తనము వహించిరి. సంఘపు పనులకు రానివానికి పట్టుతాను ఒకటి జరిమానా. ఉపవసథమునకు రాకున్నను ఒకటి, గృహస్థుల దుస్తులతో వచ్చినను ఒకటి. భిక్షువు భిక్షువును కొట్టినచో దెబ్బనుబట్టి 5, 10, 15 తానులు. దెబ్బల తరగతులు ముందుగనే నిర్ణయించిరనగా, కొట్టుకొనుట అరుదు కాదని యూహింపవలెను. దీనిని బట్టి వారి భక్తిని శంకింపను. మన దేవాలయముల లెక్కలు చూచినవారెవరును ఇందుకు ఆశ్చర్యపడరు.

ఆ భక్తి యెట్టిదో తెలియవలెనన్న మీరాను అను చోటికి పోవలెను. అచ్చట 1907 లో స్టెయిన్ స్తూపములచుట్టు గోడలపై చిత్రములను కనుగొనెను. ఒకదానిలో విశ్వంతరుడు తెల్లయేనుగును దానమిచ్చు కథ. ఆ యేనుగు తొడపై చిత్రకారుడు ఖరోష్ఠిలో తన పేరు తిత అనియు, తనకు ముట్టిన సొమ్ము 3,000 భమ్మకములనియు వ్రాసికొనెను. తిత యనగా రోమనుల పేరైన టైటస్ అని స్టెయిన్ తలచెను. గోడ క్రిందివరుసలో ఱెక్కలు గల కుఱ్ఱల ముఖములు, చూచుటకు పడమటిదేశముల దేవదూతలవలె నుండును. వానిలో కొన్ని ఢిల్లీలోని జాతీయ మ్యూజియమునకు చేరినవి. అవకాశము గలవారు చూడవలెను.

ఇపుడు మన సీమమాట ఒకటి. చడోతలో తంజకుడు తీర్పులు చెప్పిన మూడవ శతాబ్దిలోనే కృష్ణాతీరమున విజయపురిలో ఇక్ష్వాకు రాజులుండిరి. నాగార్జునకొండ శాసనములును ప్రాకృతముననే యున్నవి. లిపి మాత్రము బ్రాహ్మి. వీరపురుషదత్తుని 14వ యేట బోధిసిరి అను ఉపాసిక వేయించిన శాసనములో, కాశ్మీరము, గాంధారము, చీనా మొదలగు దేశములవారికి ధర్మబోధచేసి ప్రసన్నులను జేసిన తామ్రపర్ణి ఆచార్యులకొఱకు తాను చైత్యగృహమును కట్టించితినని చెప్పుకొనెను. చీనాకు పోవు భిక్షువులకు క్రొరైన బాట ఒకటి. ఇంతమాత్రముచేత మనవారు అక్కడ రాజ్యమేలిరనిగాని, ఆ యూళ్లు మనవారే కట్టిరనిగాని చెప్పుట తగదు. అట్టి మాటలు వినుటకు ఇంపుగా నుండును, నిలువవు. ఒకే కాలమున, ఒకరినొకరు చూడని రెండు నేలలలో, కోడలును కూతురును కట్టించిన గుడిగూర్చియు, సైనికులు తిన్న ఆవుగూర్చియు ఒకే కుటుంబపు భాషలలో వ్రాసికొనిరి. అదియే చాలును.

ఇక ఆ రాజ్యమేమైనది? చడోత కవిలెలలో ఒక కట్టడి నాకు మఱవరానిది. బ్రతికియున్న చెట్టును నఱకరాదు. నఱకినచో జరిమానా ఒక గుఱ్ఱము. కొమ్మలు నఱకినచో ఒక యావు. ఎడారి అంచున చెట్టు నీడకు మాత్రము కాదు. అది యిసుకను ఆపు గోడ. చెట్టు పోయినచో కాలువ పూడును, కాలువ పూడినచో చేను పోవును. ఇది ఆ పల్లెవారికి మనకంటె బాగుగ తెలియును. నీటికొఱకు చేసిన యుద్ధము కథ కూడ చీనా గ్రంథములో నొకటి కలదు. సువో మై అను సేనాని లౌలాను వద్ద ఏటికి అడ్డకట్ట వేయుటకై మూడు రాజ్యములనుండి వేయేసిమంది సైనికులను పిలిపించెను. వరద కట్టను త్రోయగా మొదట ప్రార్థించి, అది వినకపోగా దండును నిలిపి, భేరులు మ్రోగించి, బాణములు విడిచి నీటితో మూడుదినములు పోరాడించెనట. నీరు తగ్గెనట. తగ్గినదో లేదో గాని, కట్ట నిలుపుట యుద్ధమువంటిదేయని చెఱువుగట్టు తెగిన రాత్రి గంపలు పట్టుకొని నిలిచిన మీలో ఎవరైన ఒప్పుకొందురు.

లౌలానులో దొరకిన చీనా లేఖలలో తుదిది క్రీ.శ. 330 నాటిది. 445 లో ఉత్తర వేయి వంశపు సేనలు షాన్‌షాన్ రాజును పట్టుకొనిపోయెను. భారతదేశమునుండి మఱలిపోవుచు సుమారు 644 లో హ్యూయెన్‌త్సాంగు ఈ బాటనే పోయెను. చల్మదనలో గోడలు ఎత్తుగా నిలిచియున్నవి, మనుష్యులు లేరు. తరువాత లోప్‌నార్ సరస్సు కూడ ఎండుచు వచ్చి, 1970 ప్రాంతమున పూర్తిగా ఉప్పుపఱ్ఱయైనది. ఏఱు దారి మార్చెననియు, మంచు తగ్గెననియు, యుద్ధములు నాశముచేసెననియు, వర్తకులు ఉత్తరపు బాట పట్టిరనియు పండితులు తలకొకమాట చెప్పుదురు. ఇందు ఏ యొక్కటియు చాలదని నా తలంపు. నీరు తగ్గిన యేడులు వారు మునుపును చూచినవారే. కాలువ పూడిక తీయుటకు ఊరివారిని పిలుచు అధికారి లేక, దొంగల భయమున పిలిచినను వచ్చువారు లేక, చెట్టు నఱకినవానికి గుఱ్ఱము జరిమానా వేయు చేయి లేక, ఆ మీదట నీరు కూడ తగ్గినపుడు ఊరు నిలువలేదు. ఊరు కాలినట్లుగాని, కొల్లపోయినట్లుగాని చడోతలో స్టెయిన్‌కు జాడ కనబడలేదు. జనులు విలువగల వస్తువులను సర్దుకొనియే పోయినట్లున్నది.

1906 అక్టోబరులో స్టెయిన్ రెండవమాఱు అచ్చటికి పోయెను. ఒక పెద్దయింటిలో రుస్తుము అను త్రవ్వుడువాడు గోడప్రక్క నేలలో చేయిపెట్టి చూచి, అచ్చట దాచిన పలకలను వరుసగా పైకి తీసెను. చోటు గుఱుతునకై పైన ఒక మట్టిముద్ద పెట్టియుండెను. ఇంటివాడు తొందరగా పోవలసివచ్చి, మఱల వచ్చెదనను నమ్మికతోనే దాచిపోయెనని స్టెయిన్ ఊహించెను. అందు పెక్కు అప్పుపత్రములు, పొలముల క్రయపత్రములు. కొన్నిటికి ముద్ర చెడలేదు, దారము తెగలేదు. విప్పి చూడగా అమ్మినవాని పేరు, కొన్నవాని పేరు, వెల, సాక్షులు, ముందు ముందు ఎవడైన ఈ చేనిగూర్చి తగవు తెచ్చినచో రాచసభలో వాని మాట చెల్లదను వాక్యము, వ్రాసిన దివిరుని పేరు, అన్నియు చక్కగా నున్నవి. ఆ చేను ఇసుకదిబ్బల క్రింద ఎచ్చటనో ఉన్నది.